చేతిలో నల్లబడే వెండి



ఉత్తర ఇటలీలో మిలాన్ నగరానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో మోంజా అని ఒక ఊరుంది. 1407 నుంచి 1413 దాకా ఆ ఊరికి ప్రభువు ఎస్తోరే విస్కోంతి. ప్రభువు అనగానే పెద్ద రాజ్యం, ఏనుగులు, గుర్రాలు ఊహించుకోనక్కర్లేదు. మిలాన్‌ను గడగడలాడించిన బెర్నబో విస్కోంతికి పెళ్ళి కాని సంబంధంలో పుట్టిన కొడుకు ఈయన. కొంత సైన్యం ఉంది, ఓ కోట ఉంది, మిలాన్ గద్దె మీద ఆశ మాత్రం బండెడు ఉంది. 1412 మేలో మిలాన్ డ్యూక్ జొవాన్ని మరియాను కుట్రదారులు పొడిచి చంపారు. అదే అదనుగా ఎస్తోరే బంధువు ఒకరితో కలిసి నగరంలో జొరబడ్డాడు. నెల తిరిగేసరికి మళ్ళీ మోంజా కోటకే పరుగెత్తి రావలసి వచ్చింది. మరుసటి ఏడు మొదట్లో శత్రువుల ముట్టడిలో కాలు విరిగి, ఆ గాయంతోనే పోయాడు.

చరిత్ర పుస్తకాలలో ఆయనకు దక్కేది రెండు మూడు వాక్యాలే. నాణేల సేకర్తలకు మాత్రం ఆయన బాగా తెలుసు. ఆ ఆరేళ్ళ గందరగోళంలోనూ ఆయన మోంజాలో టంకశాల నడిపాడు. అక్కడ తయారైనవాటిలో ముఖ్యమైనవి చిల్లర నాణేలు. ఆరు దెనారోల విలువైనది సెసీనో, మూడు దెనారోలది త్రిల్లీనా, అన్నిటికన్నా చిన్నది ఒంటి దెనారో. వేలి గోరు మీద నిలబెట్టగలిగేంత పలుచని రేకు, అర గ్రాము అటూ ఇటూ బరువు, దాని మీద ప్రభువు పేరు.

తల దాచుకోవడానికే దిక్కులేని మనిషికి టంకశాల ఎందుకు? పేరు కోసం అన్నది సగం జవాబు. నాణెం మీద పేరు ఉంటే ప్రభువే, లేకపోతే బందిపోటు ముఠా నాయకుడు. మిగతా సగం లాభం. ఆనాటి ఇటలీ ప్రభువులు జనం జేబులోంచి ఏ సుంకాధికారినీ పంపకుండా, ఏ తలుపూ తట్టకుండా డబ్బు తీసిన మార్గం ఈ చిల్లరే.

అదెలాగో తెలియాలంటే ముందు లెక్క తెలియాలి. 8వ శతాబ్దం చివర షార్లమేన్ చక్రవర్తి ఒక కట్టడి చేశాడు. ఒక పౌండు వెండిలోంచి 240 దెనారోలు రావాలి. 12 దెనారోలు ఒక సోల్దో, 20 సోల్దోలు ఒక లీరా. ఇంగ్లండులో 1971 దాకా నడిచిన పౌండు, షిల్లింగు, పెన్నీ లెక్క దీని తోబుట్టువే. ఇందులో విచిత్రం ఏమిటంటే, ఆనాడు జనం చేతుల్లో నిజంగా తిరిగిన నాణెం దెనారో ఒక్కటే. సోల్దో అంటే డజను దెనారోలు, లీరా అంటే ఇరవై డజన్లు, అంతే. ఇటలీ పద్దుపుస్తకాలలో లీరా కొన్ని వందల ఏళ్ళు కంటికి కనపడని నాణెంగానే బతికింది. వెనిస్‌లో 1472లో, మిలాన్‌లో 1474లో మొదటిసారి లీరా విలువకు సరిపడే పెద్ద వెండి నాణేలు వచ్చాయి.

ఈలోగా దెనారో చిక్కి శల్యమైంది. ప్రతి టంకశాలా కాస్త కాస్తగా వెండి తగ్గించి రాగి కలుపుతూ పోయింది. 12వ శతాబ్దం చివరికి దాన్ని పట్టుకుని దూరదేశపు వర్తకం చేసే పరిస్థితి లేదు. సుగంధ ద్రవ్యాలు కొనడానికి అలెగ్జాండ్రియా వెళ్ళే వర్తకుడు నల్లటి రేకులు గోతాల్లో మోసుకెళితే ఎవరు తీసుకుంటారు? అందుకే వెనిస్ దాదాపు కల్తీలేని వెండితో, రెండు గ్రాములు దాటిన గ్రోస్సో అనే పెద్ద నాణెం తెచ్చింది. 1252లో ఫ్లోరెన్స్, జెనోవా బంగారు నాణేలు మొదలుపెట్టాయి. 1284లో బంగారు డ్యూకాట్ ముద్రించాలని వెనిస్ తీర్మానించింది. అప్పటి నుంచి ఇటలీలో రెండు డబ్బులు. పెద్దవాళ్ళ డబ్బు తెల్లనిది, పచ్చనిది. పేదవాళ్ళది నల్లడబ్బు. మన నల్లధనం సంగతి కాదు, నిజంగానే రంగు నలుపు.

ఆ రంగు కథ టంకశాలలోనే మొదలవుతుంది. రాగి పాలు ఎక్కువైన మిశ్రమాన్ని కరిగించి, రేకులు సాగగొట్టి, చిన్న బిళ్ళలుగా కత్తిరించేవారు. అప్పుడు వాటి రంగు ఎర్రగా, రాగిగానే ఉంటుంది. వెండి నాణెం అని చెప్పి ఇస్తే ఎవరూ నమ్మరు. కనుక ముద్ర వేయక ముందు ఆ బిళ్ళలను ఉప్పు, వైన్ పీపాల అడుగున గారలా పేరుకునే పుల్లటి పదార్థం కలిపిన నీళ్ళలో ఉడకబెట్టేవారు. మన ఇళ్ళలో ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే ఎలా తళతళలాడుతుందో, ఇదీ అలాంటి పనే. పులుపు పైపొరలోని రాగిని తినేస్తుంది, వెండి మాత్రం నిలుస్తుంది. బిళ్ళ తెల్లగా మెరుస్తూ బయటికి వస్తుంది. అచ్చు మీద పెట్టి సుత్తితో కొడితే కొత్త నాణెం నిజంగా వెండిలాగే ఉంటుంది. రొట్టెల అంగడిలో, చేపల బజారులో, కూలివాడి చెమట చేతిలో కొన్నాళ్ళు తిరిగేసరికి ఆ పలుచని పొర అరిగి, లోపలి రాగి బయటపడి నల్లబడుతుంది. ఇందులో మోసం ఉందా అంటే, ఉంది. రహస్యం ఉందా అంటే, ఏమీ లేదు. ఏ టంకశాల నాణెంలో ఎంత వెండి ఉందో వర్తకులకు పొల్లుపోకుండా తెలుసు. ఫ్లోరెన్స్ వర్తకుడు ఫ్రాంచెస్కో పెగోలొత్తి 14వ శతాబ్దపు మొదటి సగంలో రాసిన వర్తక గ్రంథంలో నాణేల నాణ్యతల పట్టికలు ఉన్నాయి. తెలియనివాడు ఆ నాణేన్ని రోజుకూలిగా పుచ్చుకున్నవాడే.

ప్రభువులను మరీ ఆడిపోసుకోవడం కూడా న్యాయం కాదు. చిల్లర కొట్టడం గిట్టుబాటు కాని పని. ఫ్లోరెన్స్ బంగారు నాణెం ఫ్లోరిన్ ఒకటి తయారుచేయడానికి ఒక బిళ్ళ కత్తిరించి, ఒకసారి అచ్చు వేస్తే సరి. 1252లో ఒక ఫ్లోరిన్ విలువ ఒక లీరా. అంటే అదే విలువకు దెనారోలు కావాలంటే 240 బిళ్ళలు కత్తిరించాలి, 240 సార్లు ముద్ర వేయాలి. కూలి, బొగ్గు, అరిగిపోయే ఉక్కు అచ్చులు అన్నీ అన్ని రెట్లు పెరుగుతాయి. నాణెంలో దాని విలువకు సరిపడే వెండి పెడితే టంకశాల మూతపడుతుంది. వెండి తగ్గిస్తే జనం నష్టపోతారు. అసలు కొట్టకపోతే బజారులో చిల్లర దొరకక గుడ్డు కొనడం కూడా కష్టమే. ఇటలీ ఆర్థిక చరిత్రకారుడు కార్లో చిపోల్లా దీన్ని చిల్లర తెచ్చిపెట్టిన పెద్ద సమస్య అన్నాడు. మూడు దారుల్లో రెండోదే ఎక్కువమంది ప్రభువులకు నచ్చింది. తమ వాటా అందులోనే ఉంది కాబట్టి.

ఫలితం ఫ్లోరెన్స్ లెక్కల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 1252లో 20 సోల్దోలకు వచ్చిన బంగారు ఫ్లోరిన్ 1500 నాటికి 140 సోల్దోలు పెడితేగాని రాలేదు. ఫ్లోరిన్‌లోని బంగారం దాదాపు మారలేదు. మూడున్నర గ్రాములు, వీలైనంత మేలిమి. మారిందల్లా చిల్లరే. రెండున్నర శతాబ్దాలలో ఏడు వంతుల్లో ఆరు వంతులు పోయి ఒక వంతు మిగిలింది.

ఇక నాణెం మీద ఏముండేది అన్న సంగతి. ఇక్కడ ప్రభువుల తెలివిని మెచ్చుకోక తప్పదు. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే గుర్తులు పెట్టారు. విస్కోంతి కుటుంబానిది మనిషిని మింగుతున్న పాము. మిలాన్ చిల్లరలో ఒకదానికి ఆ పాము మీదుగానే బిస్సోలో అని పేరు వచ్చింది. వెరోనాను ఏలిన దెల్లా స్కాలా వారి గుర్తు నిచ్చెన. పాదువాను ఏలిన కర్రారా వారిది బండి. మొదట్లో ఇవి జంకుతూ జంకుతూ వచ్చాయి. నగరమంటే స్వయం పాలన, నాణెం మీద నగరం పేరు, దాని పోషక సాధువు బొమ్మ ఉండాలి అన్నది పాత మర్యాద. దాన్ని ఒక్కసారి చెరిపేస్తే జనం ఊరుకోరు. సాధువు పక్కన, అక్షరాల నడుమ, ఓ మూల చిన్న నిచ్చెన, చిన్న బండి చేరాయి. మిలాన్‌లో 1329 నుంచి 1339 దాకా ఏలిన అజ్జోనే విస్కోంతి నాటికి జంకు పోయింది. ప్రభువు పేరు నేరుగా నాణెం ఎక్కింది.

మాంతువా కథ వేరు. అక్కడ 13వ శతాబ్దంలోనే నాణెం మీద ఉన్నది రాజూ కాదు, సేనాపతీ కాదు, ఒక కవి. లాటిన్ మహాకవి వర్జిల్ ఆ ప్రాంతంలో పుట్టాడు. 1328లో గొంజాగా కుటుంబం అక్కడ అధికారంలోకి వచ్చింది. వాళ్ళూ వర్జిల్‌ను వదులుకోలేదు. 15వ శతాబ్దంలో వాళ్ళు కొట్టించిన క్వత్రీనోల మీద కూడా ఆయన తల కనిపిస్తుంది. క్వత్రీనో అంటే నాలుగు దెనారోల నాణెం. బజారులో ఉల్లిపాయలు కొనే చిల్లర మీద దాదాపు పదిహేను వందల ఏళ్ళ కిందటి కవి! కవులను గౌరవించామని చెప్పుకునే రాజవంశాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి కానీ ఈ మర్యాద మాత్రం అరుదు.

మళ్ళీ మిలాన్ సంగతికి వద్దాం. 1402లో మిలాన్ మొదటి డ్యూక్ జాన్ గలియాజ్జో విస్కోంతి జ్వరం వచ్చి చనిపోయాడు. ఉత్తర ఇటలీలో సగం ఆయన గుప్పిట్లో ఉండేది. కొడుకులు పసివాళ్ళు. జీతానికి కుదిరిన సేనానులు ఎవరికి చిక్కిన ఊరు వాళ్ళు పట్టుకున్నారు. క్రెమోనాలో కబ్రీనో ఫోందులో, బ్రెషా, బెర్గామోలలో పందోల్ఫో మలతేస్తా, కోమోలో రుస్కా కుటుంబం, మనం మొదట చెప్పుకున్న మోంజాలో ఎస్తోరే. వీళ్ళంతా నాణేలు కొట్టించారు. ఒక పగటి నడకలో ఒక ప్రభువు చిల్లర చెల్లని చోటికి వెళ్ళిపోవచ్చు. ఈ ఫోందులో గురించి ఒక కథ ఇప్పటికీ చెబుతారు. 1414లో పోప్, కాబోయే చక్రవర్తి సిగిస్మండ్ ఇద్దరూ క్రెమోనాకు వస్తే, ఊరి పెద్ద గంట గోపురం మీదికి వాళ్ళను తీసుకెళ్ళి చూపించాడట. 1425లో మిలాన్‌లో తల నరికే ముందు, ఆ రోజు ఇద్దరినీ పైనుంచి తోసేయనందుకే విచారిస్తున్నానన్నాడట. కథ నిజమో కాదో గానీ, అలాంటివాడు కొట్టించిన నాణేన్ని రేపటికి దాచుకోవాలంటే ఎవరికైనా గుండెధైర్యం కావాలి.

ఇన్ని టంకశాలలు పక్కపక్కన ఉంటే దొంగాట తప్పదు. పొరుగువాడి నాణెం జనానికి నచ్చితే అదే పోలికతో మరొకటి, కాస్త తక్కువ వెండితో. బొలోన్యా నగరపు బొలోనీనో అనే వెండి నాణెం చుట్టుపక్కల బాగా చెల్లింది. రోమాన్యా, మార్కే ప్రాంతాల చిన్న ప్రభువులు, పట్టణాలు వరసపెట్టి ఆ నమూనాలోనే తమవి కొట్టించారు. అంతకంటే సాహసం చేసినవాళ్ళూ ఉన్నారు. కసెంతీనో కొండల్లో రోమేనా కోటను ఏలిన గ్విదీ ప్రభువులు ఆదామో అనే పనివాడి చేత ఫ్లోరెన్స్ బంగారు ఫ్లోరిన్‌కే నకిలీలు చేయించారు. 24 వంతుల్లో మూడు వంతులు చవక లోహం. 1281లో ఆదామోను ఫ్లోరెన్స్ వాళ్ళు సజీవంగా కాల్చేశారు. ప్రభువులకు ఆ గతి పట్టలేదు. కవి దాంతే తన కావ్యంలో ఆదామోను నరకంలో దాహంతో అల్లాడుతుండగా చూపించాడు. చేయించినవాళ్ళ పేర్లు కూడా అతని నోటే పలికించాడు.

చెడ్డ చిల్లర వచ్చినప్పుడల్లా ప్రభువులు చాటింపు వేయించేవారు. ఫలానా ఊరి నాణెం ఇక చెల్లదు, ఫలానా దానికి ఇంతే విలువ అని. చాటింపు విన్న రోజున చేతిలో ఆ నాణెం ఎవరికి ఉంటే వాళ్ళ ఖర్మ. సహజంగానే వర్తకుడికి ముందే ఉప్పు అందేది.

ఈ బాధ ఒక్క ప్రభువుల ఊళ్ళదే కాదు. ఫ్లోరెన్స్ గణరాజ్యం. అక్కడ 1371లో పీసా నగరపు చవక క్వత్రీనోలు వరదలా వచ్చిపడుతున్నాయని, వాటిని ఆపడానికి తామే వెండి తక్కువ ఉన్న కొత్త క్వత్రీనోలు ముద్రించారు. రోగాన్ని రోగంతోనే కుదర్చడం అన్నమాట. ఉన్ని బట్టల యజమానులు తమ సరుకు ఫ్లోరిన్‌లకు అమ్ముకుంటారు, ఉన్ని ఏకే కూలీకి చిల్లరలో ఇస్తారు. చిల్లర చవకైతే కూలి చెప్పాపెట్టకుండా తగ్గినట్టే. 1378 వేసవిలో ఆ ఉన్ని కూలీలే తిరగబడి నగర సభామందిరాన్ని పట్టుకున్నారు. చరిత్రలో చోంపీ తిరుగుబాటు అన్నది ఇదే. కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, పన్నులు, అప్పులు, సంఘం పెట్టుకునే హక్కు. ఐనా ఆ తర్వాతి ఏళ్ళలో ప్రభుత్వం క్వత్రీనోలను కొంత వెనక్కి లాగి కరిగించాలని నిర్ణయించిందంటే, ఆ నల్ల రేకు ఎంత మంట పెట్టిందో ఊహించుకోవచ్చు.

బంగారానికి ఈ గొడవలేమీ లేవు. వెనిస్ డ్యూకాట్ సముద్రాలు దాటింది. 1420 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన వెనిస్ వర్తకుడు నికోలో కోంతి, భారతదేశంలో కొన్ని చోట్ల వెనిస్ డ్యూకాట్లు చెల్లుతున్నాయని చెప్పాడు. ఎక్కడి వెనిస్, ఎక్కడి మన దేశం. మోంజా సెసీనోకేమో కోమో దాటితే దిక్కులేదు. పరాయివాడు నమ్మాలి కాబట్టి బంగారాన్ని ముట్టుకోలేదు. ఊళ్ళోవాడు ఎక్కడికీ పోలేడు కాబట్టి చిల్లరలో చేయి పెట్టారు. ప్రభువుల నాణేల విధానం అంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది.

ఈ నల్ల చిల్లర చిక్కులోంచి దారి చూపింది దక్షిణాన నేపుల్స్. 1472లో అక్కడి రాజు ఫెర్రాంతే వెండి ఉన్నట్టు నటించడమే మానేశాడు. అచ్చమైన రాగితో నాణెం కొట్టించాడు. ఒక వైపు కిరీటంతో రాజు తల, రెండో వైపు నడుస్తున్న గుర్రం. ఆ గుర్రం వల్లనే దానికి కవాల్లో అని పేరు. 12 కవాల్లోలు ఒక గ్రానో. ఇందులో లోహం విలువ నామమాత్రం, నడిచేదంతా రాజు మాట మీద. చిత్రంగా ఉంది కానీ, పులుపు నీళ్ళలో ఉడకబెట్టి వెండి పూత చూపించడం కంటే ఇది నిజాయితీ గల పని. జనం ఎర్రగా ఉన్నదాన్ని ఎర్రగానే తీసుకున్నారు. ఈ కవాల్లోలు లాక్విలా, కాపువా, బ్రిందిసి వంటి ఊళ్ళలోనూ తయారయ్యాయి. 1486లో దొరలు రాజు మీద తిరగబడినప్పుడు కొండల్లోని అమత్రీచే పట్టణం రాజు పక్షాన నిలిచింది. విశ్వాసపాత్రమైన అమత్రీచే అని అర్థం వచ్చే లాటిన్ మాటలతో అక్కడా కవాల్లోలు వచ్చాయి. 2016 భూకంపంలో నేలమట్టమైన అమత్రీచే అదే.

ఇంచుమించు ఫెర్రాంతే రాగి నాణెం తెచ్చిన రోజుల్లోనే వెనిస్ గణరాజ్యపు అధిపతి, డోజె నికోలో త్రోన్ కూడా బగత్తీనో అనే అతి చిన్న నాణేన్ని రాగితో కొట్టించాడు. దాని మీద, కొత్త వెండి లీరా మీద తన ముఖమే వేయించుకున్నాడు. ఆయన పోగానే వెనిస్ పెద్దలు ఆ అలవాటుకు స్వస్తి చెప్పారు. ముఖం వేయించుకోవడం ప్రభువుల పని, గణరాజ్యంలో డోజె అనేవాడు సెయింట్ మార్క్ ముందు మోకరిల్లి ఉండాలి, నాణెం మీదైనా సరే అని కట్టడి. ఆ ప్రభువుల పని మిలాన్‌లో అప్పటికే జోరుగా సాగుతోంది. 1474లో గలియాజ్జో మరియా స్ఫోర్జా తన తల అచ్చు వేయించిన పెద్ద వెండి నాణెం తెచ్చాడు. తల మీదుగా దానికి తెస్తోనే అని పేరు పడింది. రెండేళ్ళ తర్వాత, 1476 డిసెంబరు 26న, చర్చిలోనే ఆయనను పొడిచి చంపారు.

రాగి నాణెం మీద అన్నిటికన్నా మర్యాదైన మాట రాయించినవాడు మరొక స్ఫోర్జా, అడ్రియాటిక్ తీరంలోని పేజారో ప్రభువు జొవాన్ని. ఈ పేరు చాలామంది వేరే సందర్భంలో విని ఉంటారు. పోప్ ఆరవ అలెగ్జాండర్ కూతురు లుక్రేజియా బోర్జియాకు మొదటి భర్త ఈయనే. 1493లో పెళ్ళి, 1497లో పోప్ గారే ఆ పెళ్ళి చెల్లదనిపించారు. ఈయన రాగి సోల్దో మీద ఒక పక్క ఆయన ముఖం, రెండో పక్క పూలమాల మధ్య రెండే లాటిన్ మాటలు, వాటి అర్థం: ప్రజల సౌకర్యం కోసం. దేవుడి పేరు లేదు, సాధువు లేడు, వీరగాథ లేదు. చిల్లర ఎందుకు కొడుతున్నామో నాణెం మీదే చెప్పిన ప్రభువు. 1500లో మాజీ బావమరిది చేజారే బోర్జియా సైన్యంతో వస్తే ఊరు వదిలి పారిపోయాడు. 1503లో తిరిగొచ్చి, 1510లో చనిపోయేదాకా ఏలాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే పేజారో దెల్లా రోవేరే కుటుంబం చేతికి వెళ్ళింది.

ఇంత చిన్న నాణేల గురించి ఇంత వివరంగా ఎలా తెలిసింది? చర్చిల నేలలు తవ్వినప్పుడు తరచూ దొరికేవి ఇవే. బంగారం పోతే మనిషి దీపం పెట్టి వెతుకుతాడు. దెనారో రాళ్ళ సందులోకి జారితే వదిలేస్తాడు. ఇలా దొరికినవాటిని, కొన్నవాటిని ఓపికగా వరసలో పెట్టినవారిలో ఒకరు ఇటలీ రాజు మూడవ విట్టోరియో ఎమాన్యుయేలే. ఆయన సేకరణలో నాణేలు లక్షకు పైగా. ఇటలీ టంకశాలలన్నిటి నాణేలనూ ఊరి వారీగా, ప్రభువు వారీగా జాబితా కట్టే పని ఆయన పూనికతో 1910లో అచ్చు మొదలైంది. అక్షరం పక్కన చుక్క ఉంటే ఒక పద్దు, లేకపోతే మరొక పద్దు. రాజ్యాలేలే మనిషికి ఇంత తీరిక ఎక్కడిదని కొందరు నవ్వుకున్నా, ఎస్తోరే వంటివాళ్ళ పాలన గురించి ఈ పద్దులు చెప్పినంత గట్టిగా చెప్పే కాగితాలు తక్కువ. 1946లో గద్దె దిగి ఈజిప్టు వెళ్ళిపోతూ రాజు ఆ సేకరణను ఇటలీ ప్రజలకు వదిలిపెట్టాడు. రోమ్‌లోని పలాజ్జో మాస్సిమోలో నేలమాళిగకు వెళితే ఈనాడు దాన్ని చూడవచ్చు. జాబితా మాత్రం 1943లో 20వ సంపుటంతో, నేపుల్స్ నాణేల దగ్గర ఆగిపోయింది. సిసిలీ వంతు రానే లేదు.